పాలపంటి తడి

నసీమా దవడ వాచి, వాపు మెడ కిందికి దిగింది. నాలుగేళ్ల పిల్ల. ఊపిరి ఆడక పెద్దాసుపత్రిలో గొట్టం మీద ఉంది. కిందటి నెల ఆ పిల్ల పుచ్చు పంటికి సిమెంటు పెట్టినవాడు విక్రాంత్. ఆ సిమెంటు ఊడిపోయింది. లోపల చీము పట్టింది.

విక్రాంత్ దంతవైద్య కాలేజీలో పైచదువు చదువుతున్నాడు. పెద్దల పళ్లకూ పాలపళ్లకూ సిమెంటును అంటించే జిగురు ఎంత గట్టిగా పడుతుందో తేల్చడం అతని పరిశోధన. పీకిన పళ్లకు జిగురు రాసి, మిషన్‌కు బిగించి, ఊడేదాకా లాగి చూస్తాడు. జిగురుకు ముందు పన్ను గరుకెక్కడానికి పెట్టే యాసిడ్ కాస్త తక్కువసేపు ఉంచితే పాలపన్ను కూడా పెద్దపన్నంత గట్టిగా పట్టుకుంటుందని కనిపెట్టి, నిన్నటిదాకా తలెత్తుకు తిరిగాడు.

ఇవాళ తల దించుకుని పరంజ్యోతి మేడం గదికి వచ్చాడు. అతనికి చదువు చెప్పిన మనిషి. జుట్టు నెరిసేదాకా పిల్లల నోళ్లే చూసింది.

"మేడం, తప్పు జిగురుదా? పంటిదా?"

"ఆ రెంటిలో ఒకదానిదే అంటావు."

"నేను ల్యాబ్‌లో చేసినట్టే చేశాను మేడం."

"అయితే ల్యాబ్‌కి పద."

అక్కడ మేడం ఒక పాలపన్ను అతని ముందు పెట్టింది. "ఆ రోజులాగే చెయ్యి."

విక్రాంత్ యాసిడ్ పెట్టాడు, కడిగాడు, గాలితో ఆరబెట్టాడు. పన్ను సుద్దలా తెల్లబడింది. జిగురు కోసం పక్కకు తిరిగాడు. మేడం తన నాలుకకు వేలు అద్దుకుని, ఆ పంటి మీద రాసింది.

"అయ్యో, ఎంగిలి తగిలింది మేడం. మళ్లీ మొదట్నుంచి చెయ్యాలి."

"వద్దు, కానియ్యి. బయట ఇంకా బోలెడుమంది కూర్చున్నారు."

అతని చెయ్యి ఆగిపోయింది. ఆ రోజు ఆయాతో అతనన్న మాటే అది. తల్లి పిల్ల కాళ్లు పట్టుకుంది, ఆయా తల పట్టుకుంది, పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. నోట్లో పెట్టిన దూది ఎంగిలికి తడిసి ముద్దయింది. మళ్లీ మొదట్నుంచి అన్న మాట ఆ రోజు అతని నోట రాలేదు. పైగా "ఎలాగూ ఊడే పన్నేగా అమ్మా" అని తల్లితో నవ్వాడు. లేనివాళ్ల పిల్లలకు మనం చేసే పనంతా ఇంతే. వాళ్ల నొప్పి కూడా ఎలాగూ పోయేదే అనుకుంటాం.

"చెయ్యమన్నానుగా!" అంది మేడం.

జిగురు రాసి, అది గట్టిపడేలా లైటు వేసి, సిమెంటు పెట్టాడు. నున్నగా మెరిసింది. మేడం అంచుకు సూదిమొన ఆనించి నొక్కింది. సిమెంటు టక్కున లేచి బల్ల మీద దొర్లింది.

"చూడ్డానికి బాగానే ఉంది మేడం," అన్నాడు మెల్లగా.

"ఆ తల్లికీ అలాగే కనబడింది."

అతను ఊడిన సిమెంటు ముక్కను చేతిలోకి తీసుకున్నాడు.

"నీ మిషన్ కింద ఇన్ని పళ్లు లాగావు. ఒక్కటైనా ఏడ్చిందా?"

బయట కారిడార్లో ఎవరో టోకెన్ నంబరు పిలుస్తున్నారు. మేడం చేతులు కడుక్కుంది.

"పిల్లకు చాక్లెట్లు పెట్టి నేనే చంపుకుంటున్నానని ఆ తల్లి వార్డు మెట్ల మీద తల బాదుకుంటోంది. పోయి నిజం చెప్పు."

విక్రాంత్ లేచాడు. తెల్లకోటు గుండీలు విప్పబోయాడు.

"వేసుకునే పో," అంది పరంజ్యోతి.