మెలిచారల దుంగ

బొబ్బిలిలో వీణలు చేసే అప్పలాచారిగారికి ఒక చెడ్డ అలవాటుంది. శిష్యుడు ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. ప్రాణం విసిగి అడిగినవాడికి అదెంత కష్టమో ఆయనకు పట్టదు.

ఆయన దగ్గర గౌరీసు అని ఒక శిష్యుడుండేవాడు. చేతిలో పనితనం ఉంది, నోటికి మాత్రం అదుపు లేదు. కొట్టుముందు కూర్చోబెడితే వచ్చినవాళ్ళతో తగువే. ఆ వేళ ఒక పెద్దమనిషి వీణ మీద ఇంకా నాలుగు నెమళ్ళు చెక్కమన్నాడట. వాయించడానికా, గోడకి తగిలించడానికా అని అడిగేశాడు మనవాడు. ఆ పెద్దమనిషి చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం గౌరీసు గురువుగారి ఎదుట నిలబడ్డాడు. పొమ్మంటే వాడికి వేరే దిక్కు లేదు. ఈ పని తప్ప మరొకటి చెయ్యాలని మనసూ లేదు.

"నా నోరు నా మాట వినదు గురువుగారూ. నన్ను ఉంచుతారా, పంపేస్తారా?"

ఆచారిగారు వాణ్ణి పెరట్లోకి తీసుకెళ్ళి, ఎవరూ ముట్టని పనస దుంగ ఒకటి చూపించి, దాన్లోంచి మొత్తం ఒకే ముక్కగా తొలిచే వీణకి గీత గియ్యమన్నారు. దానికి ఒక కొస చారలు తిన్నగా ఉన్నాయి. రెండో కొస, కొమ్మ చీలిన చోట, అలలు అలలుగా మెలిదిరిగి ఉన్నాయి. అందం సరే, ఉలికి ఒక పట్టాన లొంగే రకం కాదది. గౌరీసు సుద్దముక్క అందుకున్నాడు. నలుగురికీ కనబడాలని ఆ అలలన్నీ తీగల కింద ఉండే పొడుగాటి దండిలోకి వచ్చేట్టు గీశాడు. తీగలు బిగించాక ఏమవుతుందని అడిగారు ఆచారిగారు. వాడు నాలిక్కరుచుకున్నాడు. ఆ లాగుడికి మెలిచారలు ఆగవు, దండి వంగిపోతుంది. గీత చెరిపి, కొసలు తారుమారు చేసి మళ్ళీ గీశాడు. ఇప్పుడు తిన్నని చారలు దండికి, అలలు అడుగున గుండ్రంగా ఉండే కుండకి వచ్చాయి. గుండ్రటి కుండని తీగలు వంచలేవు గనక అక్కడ ఆ మెలికలు ఏ హానీ చెయ్యవని, పైగా చూడముచ్చటగా ఉంటాయని వాడే చెప్పాడు.

"ఇంత మొండి దుంగ మనకెందుకురా? పొయ్యిలో పెట్టేద్దామా?" అన్నారు ఆచారిగారు.

"అదేం మాట గురువుగారూ. దుంగ తప్పేముంది, నేను పెట్టిన చోటు తప్పుగానీ."

అన్నాకగానీ ఆ మాట వాడి చెవిన పడలేదు. గుండెల మీది బరువంతా ఒక్కసారి దిగిపోయి, అక్కడే దుంగ మీద చతికిలబడ్డాడు. బతికానురా దేవుడా అనుకున్నాడు.

ఆచారిగారు వాడి వంక చూసి, "రేపట్నించి వచ్చేవాళ్ళతో నేను మాట్లాడతాను, నువ్వు కుండలు తొలుచు. ముందు లేచి రంపం అందుకో, గీత మీద కూర్చున్నావు," అన్నారు.