గంట పోయిన బొల్లి

మూడు కొండల మీద మూడు మేకల మందలుండేవి. ఏ మందకు ఆ మందే, ఏ పెద్దకు ఆ పెద్దే. ఎర్రకొండ మందకు పెద్ద గడ్డాలయ్య అనే మేకపోతు. మందలో చేరినవాళ్ల మెడలో గంట కట్టేది అతనే, విప్పేదీ అతనే. ఒక్కో గంటది ఒక్కో మోత. మోత వింటే చాలు, పక్క కొండల మీదివాళ్లకు కూడా ఎవరు పిలుస్తున్నారో తెలిసిపోయేది.

అన్నిట్లోకీ బొల్లి అనే ఆడమేక గంటంటే అందరికీ గురి. అది గబగబా మోగిందంటే చిరుత వచ్చినట్టే. మూడు కొండల మేకలూ పైకి పరుగెత్తేవి.

ఒకరోజు బొల్లి నలుగురిలో అడిగేసింది.

"గడ్డాలయ్య మామా, మాకేమో ముళ్లకంపలు, నీకేమో వాగొడ్డు పచ్చిక. ఇదెక్కడి న్యాయం?"

"నచ్చకపోతే పో."

"పోతా. నల్లకొండకే పోతా."

"గంట ఇక్కడ పెట్టి పో. కట్టింది నేను కదా! నీ పేరు కూడా ఇక్కడే ఉంటుంది."

తాడు పటుక్కున కొరికి గంట లాగేసుకున్నాడు.

బొల్లి బోసి మెడతో నల్లకొండ ఎక్కింది. కాపలా ఉన్న ముసలి మేక పోశవ్వ అడ్డం నిలబడింది.

"ఎవరమ్మా నువ్వు?"

"నేనే అవ్వా, బొల్లిని."

"బాగుంది! బొల్లి గంట అదుగో ఎర్రకొండ మీద మోగుతుంటే!"

నిజమే. ఆ గంటను గడ్డాలయ్య తన మెడకే కట్టుకున్నాడు. బండెక్కి, గొంతు సన్నం చేసి అరుస్తున్నాడు.

"నేను బొల్లినండీ! చిరుత అడవి వదిలి పోయింది. అందరూ మా మందలోకే వచ్చెయ్యండి. మా గడ్డాలయ్య దేవుడండీ!"

ఇన్నేళ్ల మంచిపేరు ఒక్క తాడుముక్కతో పోయిందా అని బొల్లికి ఏడుపొచ్చింది. అంతలో అవతల, గడ్డాలయ్య ఎక్కిన బండ వెనకాల, మచ్చల తోక కదిలింది. బొల్లి ఏడుపు మరిచిపోయి గట్టిగా అరిచింది.

"మే... మేఁ...! చిరుత! పైకెక్కండి!"

పోశవ్వ చెవులు రిక్కించింది. "ఆ చివర్న జీరపోయే అరుపు... ఓసి నీ ఇల్లు బంగారం గానూ, నువ్వు బొల్లివే!"

ఎర్రకొండ మేకలూ ఆ గొంతు పోల్చుకుని పరుగందుకున్నాయి.

"ఆగండే! గంట లేనిదాని మాట నమ్ముతారా?" అని గడ్డాలయ్య కేకలేస్తుండగానే చిరుత దూకింది. ఆ గంట మూలంగా ఎన్నిసార్లు పస్తు పడుకుందో దానికే తెలుసు.

"దొరికావే బొల్లీ!"

"అయ్యో, నేను బొల్లిని కాదు బాబోయ్! గడ్డాలయ్యను!"

"గంట బొల్లిదేగా!"

పరుగెడితే గంట మోగుతోంది, మోగిన వైపే చిరుత వస్తోంది. చివరికి నాగజెముడు పొదలోకి దూరాడు. ముళ్లకు జంకి చిరుత వెనుదిరిగింది. సగం గడ్డం ముళ్లకు అప్పజెప్పి, గడ్డాలయ్య కుంటుకుంటూ కొండెక్కాడు.

మంద మొత్తం నల్లకొండకు వెళ్లిపోయింది. ఒకరి తాడు ఒకరు కొరికి వదిలేసిన గంటలు బండ మీద కుప్పగా పడున్నాయి. కట్టడానికి మెడ ఒక్కటీ లేదు.

ఒకరు కట్టిన గంటను వాళ్లు ఎప్పుడైనా విప్పేసుకోగలరు. మన గొంతు మాత్రం మనం ఏ కొండెక్కినా మనతోనే వస్తుంది.