భైరవయ్య కొన్న చిన్న హీట్ సింక్

మిట్టమధ్యాహ్నం అయ్యేసరికి భైరవయ్య కంప్యూటరు ఆరిపోతోంది. పొద్దున బాగానే ఉంటుంది. ఎండ ముదిరేకొద్దీ లోపల ఏదో మూలుగుతుంది, ఆ తర్వాత తెర నల్లబడిపోతుంది. వరసగా రోజూ ఇదే తంతు.

అతనుండే మఠం కడప జిల్లాలో, గండికోట పోయే దారిలో, ఒక నల్లరాతి గుట్ట కింద ఉంది. వేసవిలో అక్కడ కోతులు కూడా నీడ వదిలి రావు. అలాంటి చోటికి సుంకులమ్మ అనే పెద్దావిడ తాటాకు కట్టలు తెచ్చి పెట్టింది. చెట్ల మందులు, పశువుల రోగాలు రాసిన ఆకులు. తాతల నాటివి. వాళ్ళ నాయన పోతూపోతూ ఆమె చేతిలో పెట్టాడు. చదవలేని ఆకులు ఇంట్లో ఉంటే అరిష్టమని, పున్నమికి శ్రీశైలం తీసుకుపోయి పాతాళగంగలో కలిపేస్తామని ఆమె అన్న కొడుకులు జీపు మాట్లాడుకున్నారు. ఆలోపల చదివించి పెట్టమని ఆమె మఠం పెద్దస్వామి కాళ్ళు పట్టుకుంది.

ఆకులకు ఫోటోలు తీసి కంప్యూటరుతో చదివించడం భైరవయ్య పని. అక్షరం చిక్కనిచోట సుంకులమ్మ ఆ ఆకుకు దీపపు మసి పూసి తుడిచి ఇస్తే, మళ్ళీ ఫోటో. అందుకే ఆకులు చేతిలో ఉండగానే అంతా అయిపోవాలి. కట్ట సగంలో కంప్యూటరు ఆగిపోయిందా, ఆ కట్ట మళ్ళీ మొదటికొచ్చేది.

ఈ భైరవయ్య మొండిఘటం. ఒంటిపూట తిండి, కటిక నేల మీద పడక, నడివేసవిలో చెప్పుల్లేని నడక. అదంతా అతని ఇష్టం, కాదనడానికి మనమెవరం. ఆ పట్టుదల తన ఒంటిదాకా ఆగి ఉంటే బాగుండేది. ఆ గదిలో ఉన్న ఒక్క ఫ్యానూ ఊడదీయించాడు. ఆకులు ఎగిరిపోతాయని పైకి చెప్పాడు గానీ, సన్న్యాసులకు ఫ్యానేంటన్నది అసలు బాధ.

కంప్యూటరు కొన్న రోజే ప్రొద్దుటూరు షాపులో ఖాదర్‌వలీ చిలక్కి చెప్పినట్టు చెప్పాడు.

"స్వామీ, పని ఎక్కువైతే ఈ ప్రాసెసరు పొయ్యిలా మండుతుంది. దాని నెత్తిన కూర్చుని ఆ వేడిని లాగి గాలికి వదిలేదే హీట్ సింక్. ఈ చిన్నది ఏసీ గదుల్లో ఉత్తరాలు టైపు చేసుకునేవాళ్ళకు చాలు. మీ పనికీ, మీ ఎండకూ రాగి గొట్టాలున్న ఈ పెద్దది పెట్టుకోండి."

పెద్దదాన్ని భైరవయ్య చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. రేకుల మీద రేకులు, పక్కన ఫ్యాను, జానెడు ఎత్తు.

"మఠానికి ఇంత కిరీటం ఎందుకయ్యా," అని చిన్నదే పెట్టించుకొచ్చాడు.

మఠంలో దించాక పెద్దస్వామి ఒక్కమాట అడిగారు. "చాలుతుందా నాయనా?"

"చాలకపోతే సరిపెట్టుకోవాలి స్వామీ. మనం సరిపెట్టుకోవడం లేదా?"

పెద్దస్వామి ఒకసారి బయటి ఎండ వైపు చూసి లోపలికి వెళ్ళారు.

ఆరిపోవడం మొదలయ్యాక ఫోన్లో ఖాదర్‌వలీ మళ్ళీ అదే చెప్పాడు. వేడి మితిమీరితే ప్రాసెసరు మాడిపోకుండా మిషను తనంతట తానే ఆగిపోతుంది, పెద్దదైనా వేసుకోండి, లేదంటే పొద్దుగూకాకైనా నడుపుకోండి అన్నాడు.

"ఎండకు దాక్కునే అలవాటు మాకు లేదు," అని భైరవయ్య ఫోన్ పెట్టేశాడు.

తలుపు బార్లా తీశాడు, వడగాలి కొట్టింది. తలుపు మూసి కిటికీకి తడి గోనెపట్టా కట్టాడు, గది ఆవిరి పట్టింది. చివరికి కంప్యూటరు మూత ఊడదీసి, ఎదురుగా కూర్చుని విసనకర్రతో విసరడం మొదలుపెట్టాడు. దేవుడికైనా ఎన్నడూ అంతసేపు విసిరి ఉండడు. చెయ్యి నొప్పి పుడితే ఇంకో చెయ్యి. కంప్యూటరు ఆరిపోతే మళ్ళీ ఆన్ చేసేవాడు, కట్ట మొదటినుంచి ఎత్తుకునేవాడు.

"నాయనా, పెద్దదేదో వేస్తే సరిపోతుందన్నాడంట కదా ఆ షాపాయన," అంది సుంకులమ్మ.

"దీనికి అలవాటు కావాలమ్మా. నేను మాత్రం మొదటిరోజే ఎండలో బండల మీద నడిచానా? కాళ్ళు బొబ్బలెక్కాయి. అయినా వదల్లేదు."

ఆమె ఇంకో ఆకు తీసుకుని మసి పూయసాగింది. పున్నమి ముంచుకొస్తోంది, సగం కట్టలకు ఇంకా దారం కూడా విప్పలేదు. భైరవయ్యకూ లోపల గుబులుగానే ఉంది. గుబులు పెరిగేకొద్దీ ఇంకా గట్టిగా విసిరాడు.

ఆ మధ్యాహ్నం పెద్దస్వామి గదిలోకి వచ్చారు. చేతిలో కొత్త కాషాయం, విభూతిపండు, చెంబుతో నీళ్ళు. ఎవరికైనా దీక్ష ఇచ్చే రోజున తప్ప అవి పెట్టెలోంచి బయటికి రావు. ఎవరొచ్చారా అని భైరవయ్య వాకిలి వైపు చూశాడు. ఎవరూ లేరు.

పెద్దస్వామి చాప పరుచుకుని ఆరిపోయిన కంప్యూటరు ఎదుట కూర్చున్నారు. కాషాయం దాని ముందు పెట్టారు. ఆ మఠంలో ఒక పద్ధతి ఉంది. దీక్షకు వచ్చినవాళ్ళను గురువు ముందుగా ఒక ప్రశ్న అడగాలి, వాళ్ళ నోటితో బదులు వినాలి. వినకుండా దీక్ష ఇవ్వకూడదు.

"నాయనా, నీ ఇష్టంతోనే వచ్చావా?" అని పెద్దస్వామి కంప్యూటరును అడిగారు.

అడిగి కాచుకున్నారు. ముఖంలో నవ్వు లేదు. భైరవయ్య చెవులు ఎర్రబడ్డాయి.

"నన్ను ఎగతాళి చేస్తున్నారు స్వామీ."

"ఎగతాళి ఎందుకు? దీనిచేత తపస్సు చేయిస్తున్నావు. దీక్ష లేని తపస్సు మన దగ్గర లేదు కదా."

"అది యంత్రం. అదేం చెబుతుంది?"

పెద్దస్వామి ముందుకు వంగి, మూత ఊడదీసిన పెట్టె దగ్గర చెవి పెట్టి, ఓపిగ్గా విన్నారు. తర్వాత కాషాయం మడిచి చంకన పెట్టుకుని లేచారు.

"నాతో ఏమీ చెప్పలేదు. నీతో ఒప్పుకుందేమో అనుకున్నా," అని వెళ్ళిపోయారు.

భైరవయ్యకు ఒళ్ళు మండింది. వెనకాలే వెళ్ళి గట్టిగా నాలుగు మాటలు అనాలని లేచాడు. వెనక ఎవరో బరువుగా ఊపిరి తీస్తున్న చప్పుడు వినిపించింది. తిరిగి చూశాడు. సుంకులమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ముఖం కందిపోయింది. చెమట ఆకు మీద పడకుండా ఒక చేత్తో కొంగు నుదుటికి అదిమిపెట్టుకుని, ఇంకో చేత్తో మసి పూస్తోంది. ఎన్నాళ్ళనుంచి అలా చేస్తోందో అతనికి తెలియదు.

ఖాదర్‌వలీకి ఫోన్ చేసి, "ఆ పెద్దది తీసి పెట్టు, వస్తున్నా," అన్నాడు. వాకిలి దాకా వెళ్ళాడు. మళ్ళీ వెనక్కి వచ్చి ఆమె ఎదుట కూర్చున్నాడు.

"అమ్మా, ఈ గదిలో నీకెట్లా ఉంది?"

"ఉడికిపోతున్నా నాయనా," అంది సుంకులమ్మ. "ఎప్పుడడుగుతావా అని చూస్తున్నా."