చిలుక కార్డులో చెట్టు రంగు

ఒకప్పుడు చిలుక ఎర్రగా ఉండేది. ముక్కొక్కటే కాదర్రా! తలా, రెక్కలూ, తోకా, అన్నీ పండుమిరపకాయ రంగే. జామచెట్టు తొర్రలో ఇద్దరు పిల్లలతో కాపురముండే ఆ చిలుక పేరు కెంపి. దానికి తన రంగంటే మహా మురిపెం. పొద్దున్నే వాగునీళ్ళలో తన అందం చూసుకోనిదే పండు ముట్టేది కాదు.

ఆ రోజుల్లో ఎవరు ఎలా ఉండాలో అడవి కచేరీలో రాసిపెట్టేవారు. అక్కడ ఏం రాస్తే బయట అదే జరిగేది. పక్షులకో పుస్తకం, చెట్లకో పుస్తకం. రెండూ వేరువేరు బీరువాల్లో ఉండేవి. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బంది లేకపోతే కచేరీకి తోచదు కదా! అధికారి కొంగగారు ఒంటికాలి మీద నిలబడి మూడు రోజులు ఆలోచించారు. ఆలోచించి గుమాస్తా గండుచీమను పిలిచారు.

"పక్షి సంగతి ఒక పుస్తకంలో, అది ఉండే చెట్టు సంగతి ఇంకో పుస్తకంలో. రెండేసి పుస్తకాలు తిరగెయ్యడం నా వల్ల కాదు. రెండూ కలిపి పక్షికొక కార్డు తయారుచెయ్యి. ముందు కెంపి కార్డు నమూనాగా రాసి పట్రా!"

చీమ చకచకా గడులు గీసింది. పక్షుల పుస్తకం తెరిచి, 'ముక్కు: ఎరుపు. రంగు: ఎరుపు. ఆహారం: పండ్లు' అని నింపింది. తర్వాత చెట్ల పుస్తకం తెరిచింది. అందులో జామచెట్టుకూ రంగుంది, ఆహారం ఉంది. కార్డులో ఆ గడులు అప్పటికే నిండిపోయాయి. మనమైతే ఆగి తల గోక్కుంటాం. చీమ ఆగలేదు. పాతది చెరిపేసి, 'రంగు: ఆకుపచ్చ. ఆహారం: ఎండ, నీళ్ళు' అని రాసేసింది. చెట్టుకు ముక్కుండదు గనక ముక్కు గడి జోలికి పోలేదు.

కొంగగారు చదవకుండానే సంతకం పెట్టారు. చదివి పెడితే ఇక ఆయన అధికారి ఎందుకవుతారు?

మర్నాడు కెంపి వాగులో చూసుకుంది. నీళ్ళలో ఒక ఆకుపచ్చ పిట్ట. ఎవరో అనుకుని వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. ఆ పిట్ట తనే! ఏడుస్తూ ఇంటికి ఎగిరొచ్చింది.

"అక్కా, ఏదో ఆకు ఎగిరొచ్చి వాలింది!" అంది చిన్నపిల్ల.

"ఆకు కాదే, అమ్మ! ముక్కు చూడు," అంది పెద్దపిల్ల. "అమ్మా, ఆకలి!"

ఏడుపు మింగుకుని కెంపి జామపండు కోసం ముక్కు చాచింది. కచేరీ బంట్రోతు గాలి రయ్యిన వచ్చి కొమ్మను అవతలికి లాగేశాడు.

"ఆగమ్మా! నీ కార్డు ప్రకారం నీకూ నీ పిల్లలకూ ఆహారం ఎండ, నీళ్ళు. పండు ముట్టకూడదు."

"పుట్టినప్పటినుంచి పండ్లే తింటున్నాను. నువ్వు చూళ్ళేదూ?"

"చూశాను. నేను చూసింది ఎవడిక్కావాలి? రాసింది చెప్పు."

జామచెట్టుకు జాలేసింది. "ఎండా నీళ్ళూ ఏం తక్కువే కెంపీ? నేను బతకట్లేదూ? నోరు తెరుచుకుని ఎండలో నిలబడు, అదే అలవాటవుతుంది."

కెంపి రెండు రోజులు అలాగే నిలబడింది. పిల్లల్నీ నిలబెట్టింది. వాటి డొక్కలు వీపుకంటుకున్నాయి గానీ ఎండ కడుపు నింపలేదు. మూడో రోజుకు చిన్నది కళ్ళు తేలేసింది. కెంపి కచేరీకి పరుగెత్తింది.

"అయ్యా, నా కార్డులో తప్పుంది!"

"కచేరీలో తప్పు జరగదు. నీలోనే జరిగుంటుంది, చూసుకో," అన్నారు కొంగగారు.

చీమ కార్డు తెచ్చి గర్వంగా చూపించింది. కెంపి పైనుంచి కిందిదాకా చదివి లబలబలాడింది.

"నువ్వు రాసింది చెట్టు రంగయ్యా! చెట్టు తిండి! ఊళ్ళో ఇద్దరు అప్పన్నలుంటే మనుషులేం చేస్తారు? ముందు ఇంటిపేరు చేర్చి పిలుచుకుంటారు. ఒకణ్ణి చెరిపెయ్యరు కదా! పక్షి రంగు, చెట్టు రంగు అని రెండు గడులు పెడితే నీ సొమ్మేం పోయింది?"

చీమ సిగ్గుతో చితికిపోయింది. కొంగగారికి మాత్రం కళ్ళు మెరిశాయి. "సరిగ్గా నేనూ ఇదే అనుకుంటున్నాను. మిగతా పక్షులన్నిటికీ అలాగే రాయండి."

"మరి నాకో?"

"నీది నమూనా. సంతకమైపోయింది. సంతకమైన కార్డులో ఒకే ఒక్క గడి దిద్దొచ్చు. రంగా, ఆహారమా? త్వరగా చెప్పు."

కెంపి కిటికీలోంచి బయటికి చూసింది. పొద్దు కుంకుతోంది, ఆకాశమంతా తన పాత రంగే. ఒక్కసారి ఆ రంగు మళ్ళీ ఒంటిమీద చూసుకోవాలని ప్రాణం కొట్టుకుంది. కానీ తొర్రలో చిన్నది ఎలా ఉందో!

"ఆహారం దిద్దండి," అంది.

చీమ దిద్దింది. కెంపి ఇంటికొచ్చి వాలేసరికి గాలి తనే కొమ్మ వంచి పట్టుకున్నాడు. చిన్నదాని నోట్లో కెంపి జామగుజ్జు పెట్టింది. అది గుటకేసి, కళ్ళు తెరిచి, "ఇంకా!" అంది. కెంపికి ఆ పూట రంగు సంగతే గుర్తురాలేదు.

గుర్తొచ్చింది వేరే. ఏది ఎవరిదో రాసుకోకపోతే అది చేజారిపోతుందని. అందుకని చేతికందిన ప్రతి పండునూ ఒక కొరుకు కొరికి, 'ఇది చిలుకది' అని గుర్తు పెట్టడం మొదలెట్టింది.

అప్పటినుంచే మిగతా పిట్టలు ఎవరి రంగులో వాళ్ళున్నా, చిలుక ఒంటిమీద చెట్టు రంగుంది, ముక్కు మీద మాత్రం తన పాత ఎరుపుంది. అప్పటినుంచే అది ఒక పండు కాస్త కొరికి వదిలేసి, ఇంకోదాని మీద వాలుతుంది. పండ్లన్నీ పాడుచేస్తోందని మనం దాన్ని అదిలిస్తాం. పాపం, అది పిల్లల తిండి మీద పేరు రాసుకుంటోంది.