పచ్చచుక్క వెలిగిన ఇల్లు

కాలవగట్టు వీధిలో గవర్రాజుని ఎవరు పలకరించినా ముందు తన ఇంటివాళ్ళ తెలివి గురించి చెప్పేవాడు. ఊరందరికీ కలిపి ఉన్నంత బుర్ర తమ ఒక్క ఇంట్లోనే ఉందని ఆయన నమ్మకం. తమ్ముడు చిట్టబ్బాయి, అన్నయ్య మరీ తగ్గించి చెబుతున్నాడని నొచ్చుకునేవాడు. గవర్రాజు భార్య మంగతాయారు మాత్రం అంత తెలివైనవాళ్ళింట్లో పడ్డందుకు లోలోపల మురిసిపోయేది, పాపం.

ఆవిడ బెంగల్లా గుడ్ల మీదే. పుట్టింట్లో అమ్మ పెంచిన నల్లకోళ్ళన్నీ తెగులొచ్చి పోయాయి. మిగిలినవి గంపెడు గుడ్లు. వాటిని తెచ్చి, లోపల బల్బు వెలిగే పొదిగే పెట్టెలో పెట్టుకుంది. ఇవీ పోతే అమ్మ కోళ్ళ జాతే పోయినట్టు.

ఇంతలో గవర్రాజు పట్నం వెళ్ళి రిలే బోర్డులు కొనుక్కొచ్చాడు. ఫోన్‌లో నొక్కితే ఇంట్లో దీపాలూ ఫ్యాన్లూ వాటంతటవే వెలిగి తిరిగేలా చేసే బోర్డులవి. ఎలా పెట్టాలో కొట్టువాడు ఫోన్‌లో చెప్పాడు. "బోర్డుల్ని వైఫైకి కలపండి. ఆన్ నొక్కితే టిక్కుమంటుంది, ఫోన్‌లో పచ్చచుక్క వస్తుంది. ఎర్రచుక్కుంటే ఆగినట్టు. ఇంక గోడ స్విచ్‌లతో మీకు పనుండదండి, లేచి చూసుకోనక్కర్లేదు."

దీపాల తీగలు తెచ్చి బోర్డులకి తగిలించాలని అతను చెప్పలేదు. అది కూడా చెప్పాల్సిన మాటేనని పాపం అతనికి తట్టలేదు.

ఇంకేముంది. స్విచ్‌లతో పనిలేదన్నాడుగా, అన్నదమ్ములిద్దరూ మెయిన్ ఆపి గోడలకున్న స్విచ్‌లన్నీ పీకి చెత్తలో పోశారు. పొదిగే పెట్టె ప్లగ్గు కూడా ఊడబెరికారు. వైఫైకీ, బోర్డులకీ, ఫోన్‌కీ మాత్రం ఒక్క ప్లగ్గు వదిలారు. బోర్డుల్ని గూట్లో వరసగా పేర్చి, ఫోన్‌లో ఒక్కోదానికీ పేరు పెట్టారు. హాలు దీపం, ఫ్యాను, మోటరు, గుడ్లపెట్టె. మెయిన్ మళ్ళీ వేసి నొక్కారు. టిక్కుమంది. పచ్చచుక్క వచ్చింది. అంతే, అన్నదమ్ములు కావలించుకున్నారు.

"దీపం వెలగలేదేంటండీ?" అంది మంగతాయారు.

"వెలుగుతోందే. ఇదిగో చుక్క," అన్నాడు గవర్రాజు. "నీ కళ్ళకింకా అలవాటు పడలేదు."

ఆ సాయంత్రం ముగ్గురూ చీకట్లో కూర్చుని, వెలుతురు ఎంత బాగుందో చెప్పుకుంటూ అన్నాలు తిన్నారు. చిట్టబ్బాయి పప్పనుకుని మంచినీళ్ళు కలుపుకున్నాడు. ఫ్యాను జోరుగా తిరుగుతోందని ఫోన్ చెప్పింది కాబట్టి, చెమటలు కారుతున్నా దుప్పటి కప్పుకుని వణికాడు. మర్నాడు మోటరు పచ్చచుక్కలో ఉండిపోయింది. ట్యాంకు పొంగి ఇల్లు మునుగుతుందని అన్నదమ్ములు బియ్యం బస్తా అటక మీదికెక్కించారు. కింద కుళాయిలో చుక్క నీరు లేదు.

మంగతాయారు పెట్టె మూత తీసి చెయ్యి పెట్టింది. గుడ్లు చల్లబడుతున్నాయి.

"ఏవండీ, గుడ్లు చల్లగా ఉన్నాయండి."

"ఫోన్‌లో వేడిగా ఉంటే నీ చేతికి చల్లగా ఎలా ఉంటాయే? నీ చెయ్యే పాడైంది. డాక్టరుకి చూపిద్దాంలే."

ఆవిడ తన చెయ్యి వంక చూసుకుని దిగులుపడింది. ఆ దిగుల్లో మూత వెయ్యడం మర్చిపోయింది. ఆ ఇంట్లో జరిగిన మంచిపని అదొక్కటే. పెరట్లో తిరుగుతూ పొదుగుకొచ్చిన గోధుమరంగు పెట్ట ఒకటి వచ్చి పెట్టెలోకి దూరి, గుడ్ల మీద సర్దుకుని కూర్చుంది.

"అన్నయ్యా, అసలే పెట్టె వేడి, మీదినుంచి పెట్ట వేడి. గుడ్లు ఉడికిపోతాయి," అన్నాడు చిట్టబ్బాయి. తమ్ముడి బుర్రకి గవర్రాజు కళ్ళు చెమర్చాయి. గుడ్లపెట్టె ఆపేశాడు. ఎర్రచుక్క వచ్చింది.

వారాలు గడిచాయి. ఫోన్ అంటే ఏమిటో ఎరగని ఆ పెట్ట, తన పని తను చేసుకుపోయింది. ఒక పొద్దున పెట్టెలోంచి కిచకిచలు. బొగ్గుముక్కల్లాంటి పిల్లలు నట్టింట్లో పరుగులు పెడుతున్నాయి. మంగతాయారు ఒకదాన్ని తీసి చెంపకానించుకుంది. "మా అమ్మ కోళ్ళండీ," అని ఏడ్చేసింది.

గవర్రాజు ఫోన్ చూశాడు. ఎర్రచుక్క.

"ఆపేసిన పెట్టెలోంచి పిల్లలెలా వస్తాయే? పోనీ ఈ పెట్ట పిల్లలా అంటే, ఇది గోధుమరంగు, అవి నలుపు. ఎవరివో తప్పిపోయి వచ్చాయి. పరాయి సొత్తు మనకొద్దు."

"కానీ మొహం చూస్తే..."

"కోడిపిల్ల మొహం నమ్ముతావా, ఫోన్ నమ్ముతావా?"

అంతే. నిజాయితీలో కూడా ఆ ఇల్లు ఎవరికీ తీసిపోదు మరి. పిల్లల్నీ, వెంటపడుతున్న పెట్టనీ గంపకెత్తి, పక్కింటి సూరమ్మవే అయ్యుంటాయని ఆవిడకి అప్పగించి, ఆలస్యమైనందుకు క్షమించమని కూడా అడిగారు. సూరమ్మ చటుక్కున గంప లోపల పెట్టుకుని తలుపేసుకుంది.

ఇంటికొచ్చి గవర్రాజు గుడ్లపెట్టె ఆన్ నొక్కాడు. టిక్కుమంది. పచ్చచుక్క వచ్చింది. "ఇప్పుడు చూడు, అసలు పిల్లలు వస్తాయి. ఏదీ, ఒకసారి చెయ్యి పెట్టు."

మంగతాయారు కళ్ళు తుడుచుకుని, డొల్ల పెంకుల మధ్య చెయ్యి పెట్టింది. చాలాసేపు అలాగే ఉంచింది.

"వెచ్చగానే ఉన్నాయండి," అంది.

"చూశావా, నీ చెయ్యి బాగైపోయింది," అన్నాడు గవర్రాజు.