నూట ఇరవై ఇళ్ళు, ఒక్క చట్టి

అనగనగా ఒక అడవిలో మూడు పట్నాలుండేవి. అడవిలో పట్నాలేమిటని నవ్వకండి. ఒకచోట వంద ఇళ్ళుంటే అదే పట్నమని ఆ అడవి రాజుగారు శాసనం చేశారు. తిండి, నీళ్ళు కూడా ఉండాలని ఆ శాసనంలో ఎక్కడా లేదు.

కొండ మీద చెట్లలో కోతులది కొమ్మలపట్నం. ఏటి ఒడ్డున కుందేళ్ళది గరికపట్నం. ఎర్రమట్టి దిబ్బ కింద ఎలుకలది బొరియలపట్నం. అక్కడ డబ్బు అనేది లేదు. పొద్దున బయటికి వెళ్ళి, సాయంత్రానికి ఇంటికి ఎంత తిండి తెచ్చుకుంటే అదే ఆ ఇంటి రాబడి.

ప్రతి ఏడూ అక్కడ నలభై రోజులు ముసురు పట్టేది. ఆ నలభై రోజులూ ఎవరూ తిండి కోసం గడప దాటలేరు. ఇంట్లో ఉన్నదే తినాలి. లేనివాళ్ళు ఏం తినాలో ఎవరూ అడిగేవారు కాదు.

ఆ ఏడు సింహం రాజుగారికి ఉన్నట్టుండి దయ కలిగింది. కాకి చేత చాటింపు వేయించారు.

"వినండహో! మూడు పట్నాల్లో ఏది పేదదో దానికి రాజుగారి గాదెలోని జొన్నలన్నీ ముసురు రోజుల కోసం ఇస్తారహో!"

మూడింటికీ తలా కొంచెం పంచవచ్చు కదా అని మీరంటారు. అలా పంచేస్తే ఎవరు ముందు, ఎవరు వెనక అని పట్టిక వేయడానికి ఏముంటుంది? రాజుగారికి పట్టికలంటే ప్రాణం. వాటిని చదవడం రాదనుకోండి, అది వేరే సంగతి.

ఏ పట్నం పేదదో తేల్చే పని గణకయ్య అనే నక్కకు అప్పగించారు. గణకయ్య తెలివైనవాడు. ఆ మాట ఆయనే అందరికీ చెప్పేవాడు.

"మీ రాబడి ఎంత అని మొహం మీద అడిగితే ఏం బాగుంటుంది?" అన్నాడు గణకయ్య. "మర్యాదగా భోజనం అయిందా అని అడుగుతాను. వంటింట్లో చట్టి వంక ఒక చూపు చూస్తాను. అంతే, తేలిపోతుంది."

పిల్లలూ, ఇక్కడే ఉంది తిరకాసు. 'భోజనం అయిందా' అంటే ఏం చెబుతారు? 'అయిందండీ' అంటారు. తిన్నవాడూ అదే అంటాడు, తిననివాడూ అదే అంటాడు. కావాలంటే మీ అమ్మను ఒకసారి పరీక్షగా చూడండి. పొయ్యి దగ్గర నుంచి ఇంకా లేవకుండానే పక్కింటామెతో 'ఇప్పుడే అయింది వదినా' అంటుంది. ఆ అడవిలోనూ అదే మర్యాద.

గణకయ్య ముందుగా కొమ్మలపట్నం వెళ్ళాడు. కోతులకు ఆ ఏడు పనసలు, మేడిపళ్ళు విరగకాశాయి. కాకి చాటింపు విన్నప్పటి నుంచి అవి తొర్రల నిండా పళ్ళు కుక్కి, పైన నాచు కప్పాయి. దాచగా మిగిలినవి బుగ్గల్లో దాచాయి.

"భోజనం అయిందా?" అన్నాడు గణకయ్య.

నోరు తెరిస్తే పళ్ళు రాలిపోతాయి. అందుకని కోతులు కళ్ళనీళ్ళు పెట్టుకుని అడ్డంగా తలలూపాయి.

"అయ్యో, ఆకలితో దవడలు వాచిపోయాయే!" అని గణకయ్య కన్ను తుడుచుకుని దస్త్రంలో రాసుకున్నాడు.

తర్వాత గరికపట్నం. అక్కడ తొంభై తొమ్మిది కుందేళ్ళ ఇళ్ళు, ఒక ఏనుగు ఇల్లు ఉన్నాయి. ఏనుగు పేరు గున్నయ్య. గున్నయ్య రోజుకు రెండు వందల మోపుల పచ్చగడ్డి ఇంటికి తెచ్చుకుంటాడు. ఆయన నడిచి వెళ్ళాక మిగిలిన గరికపోచలు కుందేళ్ళు ఏరుకుంటాయి.

గణకయ్య అన్నీ కూడి, వందిళ్ళకూ భాగించాడు.

"బాగుంది. సగటున మీ పట్నంలో ఇంటికి రోజుకు రెండు మోపుల గడ్డి వస్తోంది," అన్నాడు.

పొన్నమ్మ అనే ముసలి కుందేలు చెవులు నిక్కించింది. "రెండు మోపులా! మా ఇంటికి పిడికెడు గరిక వస్తే గొప్ప నాయనా. ఆ రెండు మోపులు ఎక్కడ పెట్టారు?"

"దస్త్రంలో పెట్టాను," అన్నాడు గణకయ్య.

పొన్నమ్మ దస్త్రాన్ని ఒకసారి వాసన చూసింది. గడ్డి వాసన ఏమీ రాలేదు.

ఇక మిగిలింది బొరియలపట్నం. ఆ ఏడు ఎండలకు దిబ్బ చుట్టూ చేలన్నీ మాడిపోయాయి. నూట ఇరవై ఇళ్ళకూ కలిపి మిగిలింది ఒక్క చట్టి జొన్నలు. దాని అంచు ఒకవైపు విరిగి ఉండేది. ఆ ఉమ్మడి చట్టిలోంచే రోజుకు పిల్లకు ఒక గింజ చొప్పున పంచుకునేవారు. పెద్దవాళ్ళు నీళ్ళు తాగి, 'భోజనం అయింది' అనుకునేవారు.

అక్కడ నూకాలు అనే ఎలుక ఉండేది. ఆమెకు ఆరుగురు పిల్లలు. అందరికంటే చిన్నది నాలుగు రోజులుగా సరిగ్గా నిలబడలేకపోతోంది. గణకయ్య వస్తున్నాడని వినగానే నూకాలు పరుగున పట్నం పెద్ద మీసాలప్ప దగ్గరికి వెళ్ళింది. మీసాలప్పకు ఒళ్ళంతా కలిపినా లేనంత బరువు ఆ మీసాల్లోనే ఉంటుంది.

"చిన్నాన్నా, గణకయ్యగారు రేపు వస్తున్నారట," అంది నూకాలు. "మన దగ్గర లేదని ఉన్నమాట చెప్పేద్దాం. మనకంటే పేదవాళ్ళు ఎవరున్నారు? జొన్నలు మనకే వస్తాయి."

మీసాలప్ప ఉలిక్కిపడ్డాడు. "లేదని చెబుతామా? మన తాతముత్తాతలు ఇంటికొచ్చినవాడి ముందు ఏనాడైనా ఖాళీ చట్టి పెట్టారటే? రేపు ఆ కోతులు చెట్టెక్కి మనల్ని చూసి నవ్వవూ?"

"నవ్వితే నవ్వనీ చిన్నాన్నా. నా చిన్నది లేవలేకపోతోంది."

"పిల్లలు ఇవాళ లేవకపోతే రేపు లేస్తారు. పరువు పోతే మళ్ళీ వస్తుందా?"

చుట్టూ ఉన్న ఎలుకలన్నీ తలలూపాయి. కడుపులు కాలుతున్నాయి, అయినా తలలు బాగానే ఊగాయి. మీసాలప్ప ఒక ఉపాయం చెప్పాడు. బొరియలపట్నంలో ఇల్లు ఇల్లూ లోపల సొరంగాలతో కలిసే ఉంటుంది. గణకయ్య ఒక గడప దాటి ఇంకో గడప తొక్కేలోగా ఆ చట్టి లోపలి దారిన పక్కింటికి చేరిపోవాలి.

"నువ్వు మాత్రం నోరు జారకు నూకాలూ," అన్నాడు మీసాలప్ప. "నీ ఒక్కదాని వల్ల పట్నమంతా తల దించుకోవాలి."

మర్నాడు గణకయ్య వచ్చాడు. మొదటి ఇంట్లోకి తొంగి చూశాడు. పొయ్యి పక్కన చట్టి నిండుగా జొన్నలు.

"భోజనం అయిందా?"

"అయిందండీ. మీరూ కూర్చోండి, రెండు ముద్దలు తిందురుగాని."

గణకయ్య జొన్నలు తినడని వాళ్ళకు తెలుసు. తింటానంటే ఏమయ్యేదో వాళ్ళకూ తెలియదు.

రెండో ఇంట్లో చట్టి నిండుగా జొన్నలు. "అయిందండీ." మూడో ఇంట్లోనూ అంతే. లోపల సొరంగాల్లో ఎనిమిది ఎలుకలు రొప్పుతూ, చెమటలు కక్కుతూ చట్టిని మోసుకుపోతున్నాయి. గణకయ్యకు ఒక్కటి మాత్రం వింతగా తోచింది. ప్రతి ఇంట్లోనూ చట్టి అంచు ఒకేవైపు, ఒకేలా విరిగి ఉంది. ఆయన కాసేపు ఆలోచించాడు. 'కలిగినవాళ్ళు కదా, వీళ్ళ ముచ్చట్లు ఇలాగే ఉంటాయి' అని దస్త్రంలో రాసుకున్నాడు.

చివరికి నూకాలు గడప దగ్గరికి వచ్చాడు. చట్టి అప్పుడే వచ్చి పొయ్యి పక్కన కూర్చుంది. ఆరుగురు పిల్లలూ ఆ జొన్నల వంక కన్నార్పకుండా చూస్తున్నారు.

"ఏమ్మా, భోజనం అయిందా?"

నూకాలు నోరు తెరిచింది. 'కాలేదు' అనే మాట నాలుక మీదికి వచ్చేసింది. సొరంగంలోంచి మీసాలప్ప మీసాలు ఇంత పొడవున బయటికి కనిపిస్తున్నాయి. ఇరుగూ పొరుగూ గోడలకు చెవులు ఆనించి వింటున్నారు.

"అయిందండీ," అంది నూకాలు.

ఆ ఒక్క మాటతో పని అయిపోయింది. మూడో రోజున కొలువులో గణకయ్య పట్టిక చదివాడు.

"అడవిలోకెల్లా సంపన్న పట్నం బొరియలపట్నం! ఇంటింటా చట్టి నిండా జొన్నలు! రెండోది గరికపట్నం, సగటున ఇంటికి రెండు మోపులు! అన్నిటికంటే పేదది కొమ్మలపట్నం, ఆకలితో దవడలు వాచి మాట కూడా పెగలడం లేదు!"

రాజుగారు జాలిపడి గాదెలోని జొన్నలన్నీ కోతులకు ఇప్పించారు. ఎలుకలకు 'సంపన్న పట్నం' అని చెక్కిన చెక్క పలక బహుమతిగా పంపించారు. మీసాలప్ప దాన్ని దిబ్బ మొదట్లో వేలాడదీసి, దాని కింద నిలబడి మీసం దువ్వుకున్నాడు. ఎలుకలన్నీ చప్పట్లు కొట్టాయి. నూకాలు మాత్రం పిల్లల దగ్గరే ఉండిపోయింది.

ముసురు పట్టింది. మొదటి వారంలోనే చట్టి అడుగు కనిపించింది. రెండో వారంలో ఎలుకలు ఆ చెక్క పలకను కొరకడం మొదలుపెట్టాయి. మొదట 'పట్నం' తిన్నాయి. తర్వాత 'సంపన్న' తిన్నాయి. రెండింటికీ రుచి లేదు.

పదిహేనో రోజు పొద్దున్న చిన్నది కళ్ళు తెరవలేదు. నూకాలు చెవి ఆనించి వింది. ఊపిరి సన్నగా ఆడుతోంది. ఆమె ఇంక ఎవరినీ అడగలేదు. చిన్నదాన్ని ఆ ఖాళీ చట్టిలో పడుకోబెట్టి, పైన ఆకు కప్పి, వానలో రాజుగారి గుహకు బయల్దేరింది.

"ఎక్కడికే? పరువు!" అని మీసాలప్ప వెనకనుంచి అరిచాడు. నూకాలు తిరిగి చూడలేదు.

గుహలో రాజుగారు, గణకయ్య, పెద్దలందరూ కొలువుతీరి ఉన్నారు. తడిసి ముద్దైన ఎలుకను చూసి రాజుగారు అలవాటుగా పలకరించారు.

"ఏమ్మా, భోజనం అయిందా?"

"కాలేదండీ," అంది నూకాలు.

ఆ ప్రశ్నకు ఆ జవాబు ఆ అడవిలో అంతకుముందు ఎవరూ వినలేదు.

గణకయ్య గబగబా దస్త్రం తిప్పాడు. "అయిందని ఇక్కడ రాసి ఉంది ప్రభూ. లెక్క ప్రకారం ఈమె తిన్నట్టే."

నూకాలు చట్టిని ఆయన ముందు పెట్టింది. "ఈ చట్టిని గుర్తుపట్టారా గణకయ్యగారూ?"

"ఎందుకు గుర్తుపట్టను? మీ పట్నంలో ఇలాంటివి నూట ఇరవై చూశాను."

"నూట ఇరవై లేవండీ. మీరు ఈ ఒక్కదాన్నే నూట ఇరవైసార్లు చూశారు. అయిందని అబద్ధం చెప్పింది నేనే. సిగ్గుపడి చెప్పాను, తప్పు నాది. నా తప్పుకు ఇది ఆకలితో పోతోంది," అని ఆకు తీసింది.

రాజుగారు చట్టిలోకి వంగి చూశారు. బొటనవేలంత పిల్ల, ఎముకలు లెక్కపెట్టేలా ఉంది. తర్వాత నెమ్మదిగా అన్నారు.

"తప్పు నీ ఒక్కదానిది కాదమ్మా. ఆకలి ఎక్కడుందో గుమ్మంలో నిలబడి కనుక్కోవచ్చని నేను అనుకున్నాను."

వెంటనే పాలు తెప్పించి పిల్ల నోట్లో పోయించారు. కోతుల తొర్రలు వెతికించారు. జొన్నలు సగం మొలకలొచ్చి బూజు పట్టాయి. కోతులకు పళ్ళు ఉన్నాయి కదా, జొన్నలు ముట్టనే లేదు. మిగిలిన సగం ఎలుకలకూ కుందేళ్ళకూ పంచారు. గున్నయ్యను లెక్కలోంచి తీసేసి గరికపట్నం లెక్క మళ్ళీ వేయించారు. పొన్నమ్మ రెండు మోపులూ కాస్తా పిడికెడు గరిక అయ్యాయి.

గణకయ్య బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు.

"నువ్వేమీ బాధపడకు," అన్నారు రాజుగారు. "ముసురు వెలిసేదాకా గున్నయ్య ఇంట్లోనే ఉండు. ఆయన తినే రెండు వందల మోపులకు మీ ఇద్దరికీ సగటు చూస్తే నీకు వంద వస్తాయి. హాయిగా బతకవచ్చు."

నక్క గడ్డి తినదు కదా, ముసురు వెలిసేసరికి గణకయ్య తన తోకంత లావు మాత్రమే మిగిలాడు.

నూకాలు చిన్నది బతికింది. కాస్త కుంటుతుంది, అయినా పరిగెడుతుంది.

మరుసటి ఏడు ఆ పని ఒక తాబేలుకు ఇచ్చారు. తాబేలుకు దేనికీ తొందర లేదు. ఒక్కో ఇంటికి పొద్దున్నే వెళ్ళి, ఎవరినీ ఏమీ అడగకుండా, వాళ్ళు తినే వేళ దాకా అక్కడే కూర్చునేది. తాబేలు వస్తోందని తెలిసి మీసాలప్ప మూడు రోజుల ముందు నుంచే నీటిగుంట దగ్గర కూర్చుని, తన నీడను చూసుకుంటూ ఒకే మాట సాధన చేశాడు.

"కా... కాలే... కాలేదండీ."

మూడో రోజుకు గాని ఆ మాట ఆయన నోట తిన్నగా రాలేదు.

నీతి: పరువు పోతుందని ఆకలిని దాచుకోకండి. ఇంకొకరి ఆకలి తెలుసుకోవాలనుకుంటే గుమ్మంలోంచి అడిగి వెళ్ళిపోకండి, వాళ్ళు తినే వేళ దాకా వాళ్ళింట్లో కూర్చోండి.