కాన్పుల ఆసుపత్రి దీపం

నబీరసూలు కొండ దిగినంత వేగంగానే తిరిగి ఎక్కి వచ్చాడు. ముఖం కందగడ్డలా ఉంది.

"ఆర్పనంది, హజ్రత్," అన్నాడు.

హజ్రత్ అంటే ఆ కొండ మీద గుడిసెలో ఉండే ఫకీరు, జమాల్ సాహెబు. నబీ ఏడేళ్లుగా ఆయన శిష్యుడు. రాత్రి ఆకాశాన్ని ఫొటోలు తీయడమంటే అతనికి ప్రాణం.

ఆ కొండ మీద పెద్ద దీపాల స్తంభాలు నిలపాలా వద్దా అన్నది మర్నాడు అధికారులు తేల్చబోతున్నారు. అవి వస్తే ఇక్కడ ఇక చుక్కలు కనబడవు. ఈ చీకటి ఎంత విలువైనదో చూపించే ఫొటో ఒక్కటి వాళ్ల ముందు పెట్టాలని నబీ ఆశ. అమావాస్య ఆ ఒక్క రాత్రే. కానీ కొండ కింద కాన్పుల ఆసుపత్రి గుమ్మానికి కొత్తగా తెల్లని దీపం వేశారు. ఎక్కడో కింద ఉన్న దీపంతో చుక్కలకేం అనుకుంటాం కదా. దాని వెలుగు నేల మీదే ఆగదు, పైకీ పాకుతుంది. ఫొటోలో సగం ఆకాశం సున్నం కొట్టినట్టు వస్తోంది.

"ఆమెతో ఏమన్నావు?"

"దీపం ఆర్పమన్నాను. 'చుక్కల వెలుతురులో కాన్పు చేయమంటావా నాయనా?' అని నవ్వింది ఆ నర్సు ఓబుళమ్మ. ఇలాంటివాళ్లకి ఆకాశం ఎందుకు, హజ్రత్?"

"ఆమెకేం కావాలో అడిగావా?"

నబీ తల అడ్డంగా ఊపాడు.

జమాల్ సాహెబు లేచి ఒక ఖాళీ నూనె డబ్బా, రేకు కత్తెర, కాస్త ఇనుప తీగ తీసుకున్నారు. ఇద్దరూ కొండ దిగారు.

ఆసుపత్రి ముందు ఆరు మెట్లు. "ఎక్కు," అన్నారు సాహెబు.

నబీ దీపానికి ఎదురుగా ఎక్కాడు. వెలుగు సూటిగా కళ్లలో పడింది. మూడో మెట్టు కనబడక తూలి, మోకాలు కొట్టుకున్నాడు.

ఓబుళమ్మ లోపలి నుంచి పరుగెత్తుకొచ్చింది. "అయ్యో, నువ్వూ అక్కడే పడ్డావా! మొన్న నొప్పులతో వచ్చిన పిల్ల కూడా ఆ మెట్టు మీదే తూలింది. అందుకే ఇంకా పెద్ద దీపం వేయించుకుందామని చూస్తాండా."

సాహెబు డబ్బాను నిలువుగా చీల్చి, ఒక సగాన్ని బల్బు మీద గొడుగులా వంచి, తీగతో బిగించారు. ఆయన ఎక్కిన కుర్చీని నబీ పట్టుకున్నాడు.

వెలుగంతా మెట్ల మీదికి దిగింది. ఆరు మెట్లూ అంచులతో సహా కనబడ్డాయి.

ఓబుళమ్మ మెట్లు దిగింది, ఎక్కింది, మళ్లీ దిగింది. వాకిలి చివరిదాకా వెళ్లి తలెత్తింది.

"ఆ తెల్లటి పాయ ఏంది నాయనా? మబ్బా?"

నబీ అప్పటికే కొండ దారి పట్టాడు. "తెల్లవారేలోగా ఫొటో తీయాలి, హజ్రత్!"

"ఎంతసేపు పడుతుంది?"

"కెమెరా కన్ను తెరిచి ఉంచేది అర నిమిషం."

"రాత్రి ఇంకా చాలా ఉంది," అన్నారు సాహెబు. "ఆమె నిన్నేదో అడిగింది."

నబీ ఆగాడు. వెనక్కి నడిచి వచ్చి ఓబుళమ్మ పక్కన నిలబడ్డాడు.

"మబ్బు కాదక్కా, అన్నీ చుక్కలే," అన్నాడు.